మేం రాసింది కూడా ఒక పేజీ చదవండి

అమెరికా విశ్వవిద్యాలయాల్లో గ్రాడ్యుయేట్ కోర్సుల దరఖాస్తులు పరిశీలించే అడ్మిషన్ కమిటీల సభ్యులకు నమస్కారం.

నేను 11 ఏళ్ళుగా హైదరాబాదులో టెక్నికల్ రైటర్‌గా పనిచేస్తున్నాను. ఇన్‌స్టాలేషన్ గైడ్లు, అప్‌గ్రేడ్ గైడ్లు, రిలీజ్ నోట్స్, ఏపీఐ డాక్యుమెంటేషన్ రాస్తాను. పొద్దున ల్యాప్‌టాప్ తెరిచింది మొదలు రాత్రి మూసేదాకా ఇంగ్లిష్‌లో రాయడం, రాసింది దిద్దడం, దిద్దింది మళ్ళీ రాయడం, ఇదే నా పని. 2024 ఆగస్టులో జీఆర్ఈ రాశాను. వెర్బల్‌లో 159, క్వాంట్‌లో 155 వచ్చాయి. అనలిటికల్ రైటింగ్‌లో మాత్రం 6కి 3.5 వచ్చింది.

రాతే తిండి పెడుతున్న మనిషికి రాతలోనే తక్కువ రావడం మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. నాకూ వెంటనే అర్థం కాలేదు. నేను దరఖాస్తు పెట్టాలనుకున్న ఒక విభాగం, రైటింగ్‌లో 4 కన్నా తక్కువ ఉన్న ఫైళ్ళు మొదటి వడపోతలోనే పక్కకు పోతాయని మెయిల్ పంపింది. టెక్నికల్ కమ్యూనికేషన్ నేర్పే విభాగమే అది. ఆ మెయిల్ చదివిన రోజు నుంచీ ఈ ఉత్తరం నా మనసులో ఉంది.

ఆ 3.5 అన్యాయమని నేను అనడం లేదు. ఆ రోజు నేను రాసిన ఎస్సేకి నేనే మార్కులు వేసినా అంతకన్నా ఎక్కువ వేసేదాన్ని కాదు. నా ఉద్యోగం నన్ను ఆ పరీక్షకు ఎక్కడ తయారుచేసిందో, ఎక్కడ అడ్డుపడిందో రెండూ చెప్పాలని రాస్తున్నాను. అవి తెలిస్తే మాలాంటివాళ్ళ ఫైళ్ళను మీరు ఇంకాస్త ఆగి చదువుతారని నా నమ్మకం.

ఆ ఎస్సే రాసేటప్పుడు తెర మీద ఒక అభిప్రాయం కనిపిస్తుంది. దానితో ఎంతవరకు ఏకీభవిస్తారో, ఎందుకో కారణాలు చూపిస్తూ రాయాలి. 30 నిమిషాలు. స్పెల్ చెక్ ఉండదు. నేను మొదటి పేరాలో ఆ అభిప్రాయానికి అర్థం ఏమిటో వివరించాను. రెండో పేరాలో అది ఏ పరిస్థితుల్లో వర్తిస్తుందో, మూడో పేరాలో ఎక్కడ వర్తించదో రాశాను. ఇరవయ్యో నిమిషానికి చూసుకుంటే దాదాపు 340 పదాలయ్యాయి. మిగిలిన పది నిమిషాల్లో ఇంకో ఉదాహరణ చేర్చి ఉండాల్సింది. నేను దిద్దడం మొదలుపెట్టాను. విశేషణాలు తీసేశాను. రెండు వాక్యాలు ఒకే సంగతి చెబుతున్నాయనిపించి ఒకటి కొట్టేశాను. పొడుగు వాక్యాన్ని రెండుగా విరిచాను. టైమ్ అయిపోయేసరికి 270 పదాలే మిగిలాయి. తప్పుల్లేవు, ఎవరు చదివినా అర్థమవుతుంది. కానీ ఆ అంశం గురించి రాసిన మనిషి ఏమనుకుంటోందో అందులో ఎక్కడా లేదు.

ఆ పరీక్ష అడిగేదే అది. ఒక శిక్షణ పొందిన మనిషి, ఒక కంప్యూటర్ ప్రోగ్రాం ఆ ఎస్సేని చూస్తారు. ఆ రెండు మార్కుల మధ్య తేడా బాగా ఉంటే ఇంకో మనిషి చదువుతారు. జీఆర్ఈ పెట్టే ఈటీఎస్ సంస్థ ప్రచురించిన కొలమానంలో పై వరసన ఉన్నది, రాసినవాళ్ళు స్పష్టమైన వైఖరి తీసుకున్నారా, దాన్ని బలమైన కారణాలతో పెంచుకుంటూ పోయారా అన్నది. నా వృత్తి ఆ వైఖరిని నా చేత ప్రతిరోజూ తుడిపించింది.

ఎలా తుడిపించిందో మీకు తెలియాలి. మా రంగంలో చేరిన కొత్తల్లో నేర్పే మొదటి సంగతి, డాక్యుమెంట్‌లో రచయిత కనిపించకూడదని. చదివేవాళ్ళు అర్ధరాత్రి ఒంటిగంటకు సర్వర్ పడిపోయి కంగారులో ఉంటారు. వాళ్ళకు మన అభిప్రాయంతో పని లేదు. ఏం నొక్కాలో కావాలి. విమానాల మెయింటెనెన్స్ మాన్యువల్స్ కోసం 1980లలో ఐరోపాలో మొదలైన సింప్లిఫైడ్ టెక్నికల్ ఇంగ్లిష్ అనే పద్ధతి ఒకటుంది. అందులో ఏదైనా పని చెయ్యమని చెప్పే వాక్యం 20 పదాలు దాటకూడదు. వివరణ ఇచ్చే వాక్యం 25 దాటకూడదు. ఒక మాటకు ఒకటే అర్థం. 'ఫాలో' అంటే వెనక రావడం అనే అర్థంలోనే వాడాలి, సూచన పాటించడం అనే అర్థంలో వాడకూడదు. సాఫ్ట్‌వేర్ కంపెనీలు దాన్ని అక్షరాలా పాటించకపోయినా, మా స్టైల్ గైడ్లన్నిటిలో నడిచేది ఆ దారే.

నేను పదో తరగతిదాకా తెలుగు మీడియంలో చదివాను. నా ఇంగ్లిష్ సగం కాలేజీలో వచ్చింది, సగం ఆ స్టైల్ గైడ్లలో వచ్చింది. 'వైల్' అనే మాట కాలానికి సంబంధించి మాత్రమే వాడాలి, 'అయినప్పటికీ' అనే అర్థంలో వద్దు. 'సిన్స్' అంటే 'అప్పటి నుంచి', 'ఎందుకంటే' కాదు. 'మే' అంటే అనుమతి, అవకాశం చెప్పాలంటే 'మైట్'. పదేళ్ళపాటు ఇతరుల రాతలో ఈ మాటల కింద ఎర్రగీతలు పెట్టినదాన్ని. జీఆర్ఈ వెర్బల్‌లో ఖాళీలు పూరించే ప్రశ్నలు నడిచేదే ఆ 'వైల్' మీద. వాక్యం 'వైల్'తో మొదలైతే రెండో సగం అడ్డం తిరుగుతుందని చదివేవాళ్ళు అక్కడే పసిగట్టాలి. నా కన్ను మొదటి మాక్ టెస్టుల్లో ఆ మాటను 'ఆ సమయంలో' అని చదివేసి ముందుకు పోయేది. 'ఫ్లాగ్' అంటే మాకు కమాండ్ వెనక తగిలించే గుర్తు. అక్కడ ఆ మాటకు నీరసించడం అని అర్థం. 'క్వాలిఫై' అంటే మాకు అర్హత. అక్కడ ఒక మాటకు షరతు తగిలించి దాని పదును తగ్గించడం. ఇవి తెలియని మాటలు కావు. రోజూ వాడే మాటలే వేరే అర్థంతో ఎదురయ్యాయి. బ్యారన్స్ వర్డ్ లిస్టులో పూర్తిగా కొత్త మాటలు నేర్చుకోవడం నాకు తేలికైంది, వీటిని మరచిపోయి మళ్ళీ నేర్చుకోవడానికే ఎక్కువ రోజులు పట్టింది.

సెంటెన్స్ ఈక్వివలెన్స్ అని ఇంకో రకం ప్రశ్న. ఆరు మాటలిస్తారు. వాక్యానికి ఒకే అర్థం వచ్చేలా రెండింటిని ఎంచుకోవాలి. మా వృత్తిలో ఒక వస్తువుకు రెండు పేర్లు పెడితే అది తప్పు. మొదటి పేజీలో 'ఫోల్డర్' అన్నదాన్ని ఐదో పేజీలో 'డైరెక్టరీ' అంటే యూజర్ రెండూ వేరనుకుంటాడు. కాబట్టి పర్యాయపదం కనబడితే చాలు, అనుమానించడం నేర్చుకున్నాం. ఈ ప్రశ్నల దగ్గర రెండో మాట మీద నా చెయ్యి ప్రతిసారీ ఒక్క క్షణం ఆగేది. ఇప్పటి పరీక్షలో వెర్బల్ మొత్తం 27 ప్రశ్నలకు 41 నిమిషాలే. ఆ క్షణాలన్నీ కలిస్తే ఒక పాసేజ్ చదివే టైమ్ పోతుంది.

ఉద్యోగం అడ్డుపడిన సంగతులే చెప్పి ఊరుకోను. రీడింగ్ కాంప్రహెన్షన్‌లో, ముఖ్యంగా పాసేజ్‌లో ఉన్నదేదో, మనం ఊహించుకున్నదేదో విడదీయమన్నప్పుడు, నాకు తడబాటు ఉండేది కాదు. స్పెసిఫికేషన్ చదివి, అందులో లేనిది రాయకుండా ఉండటమే మా పని కదా. క్వాంట్‌లో లెక్కల వేగం పోయింది, ఇంటర్ తర్వాత లెక్కలు ముట్టుకున్నదాన్ని కాదు. అయినా రెండు రాశుల్లో ఏది పెద్దదో చెప్పమనే ప్రశ్నలు బాగా చేశాను. ఒక సంఖ్య, దాని వర్గం, వీటిలో ఏది పెద్దది అని అడిగితే చాలామంది 2, 3 వేసి చూసి వర్గమే పెద్దదంటారు. నేను సున్నా వేస్తాను, ఒకటి వేస్తాను, అర వేస్తాను, మైనస్ వేస్తాను. ఒక ఫీల్డ్‌లో ఏ విలువలు పనిచేస్తాయో రాసేముందు ఖాళీగా వదిలితే ఏమవుతుంది, మైనస్ ఇస్తే ఏమవుతుంది అని చూడటం మాకు అలవాటు.

ఇక్కడ నేను మీకు దగ్గరగా చూపించాలనుకున్నది ఒకటుంది. కొన్నేళ్ళ క్రితం ఒక డేటాబేస్ అప్‌గ్రేడ్ గైడ్ రాస్తున్నాను. డెవలపర్ ఇచ్చిన నోట్స్‌లో 12 స్టెప్పులున్నాయి. టెస్ట్ మెషిన్ మీద ఒక్కొక్కటీ చేసుకుంటూ పోయాను. ఏడో స్టెప్, పాత డేటా ఫోల్డర్ డిలీట్ చెయ్యమని. అక్కడ ఆగాను. ఆ ఫోల్డర్‌ని సర్వీస్ ఇంకా వాడుతోంది. సర్వీస్ ఆపమని అంతకుముందు ఎక్కడా లేదు. బ్యాకప్ తీసుకోమనీ లేదు. ఆయనకు ఫోన్ చేశాను.

"సర్వీస్ ఆపే ఉంటారు కదండీ, అది అందరికీ తెలిసిందే" అన్నారు.

"అందరికీ అంటే ఎవరికండీ?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నిజమే, మొదటిసారి చేసేవాళ్ళకి తెలీదు. రాసెయ్యండి" అన్నారు.

ఆ సాయంత్రానికి నాలుగో స్టెప్ తర్వాత రెండు కొత్త స్టెప్పులు చేరాయి. ఏడోది తొమ్మిదోదయింది. దాని పైన ఒక వార్నింగ్ చేరింది. పైనే ఉండాలి, కింద పెడితే డిలీట్ చేశాక చదువుతారు.

ఒకరి తర్కంలో బయటికి చెప్పకుండా ఊహించుకున్న మెట్టు ఎక్కడుందో పట్టుకోవడం, అది లేకపోతే ఏం కూలుతుందో చెప్పడం, దీన్ని మీరు గ్రాడ్యుయేట్ చదువుకు తప్పనిసరైన శక్తి అంటారు. నిజానికి జీఆర్ఈలో దీనికొక చోటుండేది. 'ఆర్గ్యుమెంట్' అనే రెండో ఎస్సే. చిన్న వాదన ఒకటి ఇచ్చేవారు, అందులో చెప్పకుండా నమ్మినవేమిటో, ఏ ఆధారం ఉంటే ఆ వాదన నిలబడుతుందో రాయమనేవారు. మన సొంత అభిప్రాయం అక్కర్లేదు. 2023 సెప్టెంబరు 22 నుంచి పరీక్షను 3 గంటల 45 నిమిషాల నుంచి 1 గంట 58 నిమిషాలకు కుదించినప్పుడు ఆ ఎస్సేని తీసేశారు. అభిప్రాయం అడిగే 'ఇష్యూ' ఎస్సే ఒక్కటే మిగిలింది.

నేను పాత పుస్తకాలతో చదవడం మొదలుపెట్టాను. ఒక ఆదివారం కూర్చుని నాలుగు ఆర్గ్యుమెంట్ ఎస్సేలు రాసి, కోచింగ్ సెంటర్‌లో సార్‌కి చూపించాను. ఆయన అన్నీ చదివి, "చాలా బాగా రాశావమ్మా. కానీ ఇది ఇప్పుడు పరీక్షలో లేదు" అన్నారు. పరీక్ష చిన్నదవడం మంచిదే, నాలుగు గంటలు కుర్చీలో కూర్చోలేని వాళ్ళెందరో ఉంటారు. వెర్బల్‌లో అలాంటి తర్కపు ప్రశ్నలు కొన్ని ఇంకా ఉన్నాయి కూడా. అయితే రాసి చూపించే చోటు పోయింది. 2023కి ముందు, తర్వాత రైటింగ్ మార్కు అనే పేరు మారలేదు గానీ, దాని వెనక కొలిచేది మారింది. మీ కటాఫ్ వేసేటప్పుడు ఎవరైనా ఆ మార్పు గురించి మాట్లాడారా అని అడగాలనిపిస్తోంది.

రెండోసారి పరీక్ష రాయడానికి 21 రోజుల ఎడం ఉంటే చాలు. నేను రెండు నెలలు తీసుకున్నాను. మా నాన్నగారు తెనాలి దగ్గర హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. సెప్టెంబరులో మా దగ్గరకు వచ్చారు. నా ఎస్సే ఒకటి తెలుగులో చెప్పమన్నారు. చిన్నపిల్లల చేతికి ఫోన్లు ఇవ్వొచ్చా లేదా అన్నది అంశం. చెప్పాను. అంతా విని, "అటు చెప్పావు, ఇటు చెప్పావు. నువ్వేమంటావో చెప్పలేదు తల్లీ" అన్నారు.

"అది చదివేవాళ్ళు నిర్ణయించుకుంటారు నాన్నా."

"మరి నువ్వు రాయడం దేనికి?"

నాకు జవాబు దొరకలేదు. ఆ రోజు నుంచి రాత్రి భోజనాల దగ్గర రోజుకొక అంశం. నేను ఒక పక్షం తీసుకోవాలి, ఆయన రెండో పక్షం. తెలుగులోనే. వారం తిరిగేసరికి ఒక సంగతి గమనించాను. తెలుగులో వాదిస్తున్నప్పుడు నా నోట మూడు మాటలు వాటంతట అవే వస్తున్నాయి. నిజమే గానీ. అలాగని. అంతమాత్రాన. ఎదుటివాళ్ళ మాటలో నిజాన్ని ఒప్పుకుని, దాని హద్దు చూపించి, అక్కడి నుంచి నా మాటకు రావడానికి మా ఇంట్లో, మా ఊళ్ళో అందరూ వాడే మాటలే అవి. వాదించడం నాకు చేతకాక కాదు. ఉద్యోగం నేర్పిన ఇంగ్లిష్‌లో ఆ కీళ్ళు లేవు, నేనే ఏళ్ళ తరబడి ఎర్రగీతలు పెట్టి తీసేశాను. తర్వాత పొద్దున్నే లేచి, రాత్రి తెలుగులో చెప్పిందాన్ని ఇంగ్లిష్‌లో రాసేదాన్ని. 'నేను అనుకుంటున్నది ఇది' అని మొదటి పేరాలోనే రాయడానికి చాలా రోజులు చెయ్యి రాలేదు. ఎస్సే పూర్తయ్యాక దిద్దడానికి మూడు నిమిషాలే పెట్టుకున్నాను, అదీ పదాలు తగ్గించకూడదని షరతుతో.

అక్టోబరు చివర్లో మళ్ళీ రాశాను. రైటింగ్ 4.5 వచ్చింది. వెర్బల్ 162.

ఆ రెండు నెలల్లో నేను ఇంకా మెరుగైన టెక్నికల్ రైటర్‌నేమీ కాలేదు. ఆగస్టులో ఎంతో అక్టోబరులోనూ అంతే. కానీ ఆ విభాగం పంపిన మెయిల్ లెక్క ప్రకారం ఆగస్టులో నా ఫైలు తెరవనక్కర్లేదు, అక్టోబరులో తెరవొచ్చు. రెండోసారి ఫీజు కట్టగలిగాను, సెలవు పెట్టగలిగాను, భోజనం దగ్గర కూర్చుని వాదించే తండ్రి ఉన్నారు. ఇవేవీ లేనివాళ్ళ ఫైలు ఆగస్టు దగ్గరే ఆగిపోతుంది.

వెర్బల్, క్వాంట్, రైటింగ్ మూడూ వేర్వేరు కొలతలనీ, ఒక్క మార్కు కటాఫ్ మీదే నిర్ణయం తీసుకోవద్దనీ, దరఖాస్తులో మిగతా ఆధారాలతో కలిపి చూడమనీ ఈటీఎస్ తన మార్గదర్శకాల్లో మీకు చెబుతూనే ఉంది. పరీక్ష పెట్టేవాళ్ళే అంతకుమించి దాని మీద బరువు మోపొద్దంటున్నారు.

అందరికీ ఒకటే గీత ఉండాలి కదా, వందల ఫైళ్ళలో ఒక్కొక్కరి ఉద్యోగం చూసి మినహాయింపులు ఇస్తామా అని మీరు అనవచ్చు. నిజమే గానీ, నేను మినహాయింపు అడగడం లేదు. మీ ముందున్న ఫైలులో ఏళ్ళ తరబడి రాయడమే పని అని ఉండి, రైటింగ్ మార్కు మీ గీతకు కాస్త కింద ఉంటే, ఆ రెండూ ఒకదానితో ఒకటి పొసగడం లేదు. మా భాషలో చెప్పాలంటే అక్కడ ఒక స్టెప్ లేదు. ఫైలు పక్కన పెట్టేముందు ఆ స్టెప్ ఏమిటో ఒక్క ప్రశ్న అడగండి.

పోర్ట్‌ఫోలియో పంపమనడం మాత్రం మాకు సాయం చెయ్యదు. మేం రాసేది చాలావరకు కంపెనీ సొత్తు, కస్టమర్ లాగిన్ వెనక ఉంటుంది. బయటికి పంపితే ఉద్యోగం పోతుంది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు డాక్యుమెంటేషన్ రాసినవాళ్ళు కొందరు ఉంటారు, వాళ్ళ మార్పులు, వాటి మీద నడిచిన చర్చ అన్నీ బహిరంగంగా కనిపిస్తాయి. వాటిని స్వీకరించండి. అది లేనివాళ్ళకు మీరే ఒక పేజీ నోట్స్ ఇవ్వండి. ఇంజనీర్ హడావుడిగా రాసినట్టు, అక్కడక్కడ మెట్లు తప్పిపోయి ఉండాలి. దాన్ని కొత్తవాళ్ళు చేయగలిగే సూచనలుగా మార్చమనండి. దాంతోపాటు ఆ ఇంజనీర్‌ని ఏమేం ప్రశ్నలు అడుగుతారో జాబితా ఇవ్వమనండి. రాసిన పేజీకన్నా ఆ జాబితాను జాగ్రత్తగా చదవండి. మా ఆలోచన ఉండేది అందులోనే. పూర్తయిన డాక్యుమెంట్‌లో ఆ ప్రశ్నలు కనబడవు. కనబడకుండా చెయ్యడానికే మాకు జీతం ఇస్తారు.

టెక్నికల్ రైటింగ్ కేవలం వాస్తవాలను గాజు పలకలోంచి చూపించే పని కాదని, అందులో మనిషి తీర్పు, చదివేవాళ్ళతో సంబంధం ఉంటాయని కరొలిన్ మిల్లర్ 1979లో కాలేజ్ ఇంగ్లిష్ పత్రికలో వాదించారు. ఆ వ్యాసాన్ని మీ విభాగాల్లోనే పాఠంగా చెబుతారు. క్లాసులో ఆ మాట నేర్పుతున్నప్పుడు, క్లాసులోకి రానిచ్చే తలుపు దగ్గర కూడా ఆ మాటే నడవాలని నా కోరిక.

మా టీమ్‌లో ఒక అమ్మాయి వచ్చే నెల పరీక్ష రాస్తోంది. నాలుగేళ్ళ అనుభవం. నిన్న సాయంత్రం తన ప్రాక్టీస్ ఎస్సే తెచ్చి చూపించింది. మూడు పేరాలు, శుభ్రమైన వాక్యాలు, ఎక్కడా 'నేను' లేదు. ఇద్దరం కాఫీ తాగుతూ ఒక గంట కూర్చున్నాం. ముందు తెలుగులో వాదించమన్నాను. మొదట నవ్వింది, తర్వాత బాగానే వాదించింది. అదే రోజు పొద్దున తను రివ్యూ చేసిన ఇన్‌స్టాలేషన్ గైడ్‌లో పాస్‌వర్డ్ అడిగే స్టెప్ దగ్గర ఒక కామెంట్ పెట్టింది, ఆ పాస్‌వర్డ్ అంతకుముందు ఎక్కడ సెట్ చేశారని. ఆ గైడ్‌ని అప్పటికే ముగ్గురు చూశారు, ఒక్కరూ అడగలేదు. డిసెంబరులో ఆమె ఫైలు మీలో కొందరి దగ్గరకు వస్తుంది. రైటింగ్ మార్కు ఎంత వస్తుందో నాకు తెలియదు. ఎంత వచ్చినా, ఒక పేజీ నోట్స్ ఇచ్చి ఏం అడుగుతావని అడగండి.

ఇట్లు,
హైదరాబాదు నుంచి ఒక టెక్నికల్ రైటర్